రౌటర్ తాళంచెవి ఇంటివాళ్ల చేతికివ్వాలి

కొత్త ఇల్లు అప్పగించే రోజున ఎలక్ట్రీషియన్ ఇంటి యజమానిని మెయిన్ బోర్డు దగ్గరికి పిలిచి ఏ స్విచ్చు హాలుదో, ఏది మోటారుదో చూపిస్తాడు. ప్లంబరు మేడమీదికి తీసుకెళ్లి ట్యాంకు వాల్వు ఎటు తిప్పితే నీళ్లు ఆగుతాయో చెబుతాడు. ఇంటర్నెట్ పెట్టడానికి వచ్చిన అబ్బాయి మాత్రం గోడకు మేకు కొట్టి, తెల్ల డబ్బా తగిలించి, ఇంటాయన ఫోన్ నంబరునే వైఫై పాస్‌వర్డుగా పెట్టి, 'యూట్యూబ్ వస్తోందా సార్? అయితే అయిపోయినట్టే' అని బండెక్కేస్తాడు. ఆ డబ్బాకూ ఒక తాళంచెవి ఉంటుంది. దాన్ని అడ్మిన్ పాస్‌వర్డు అంటారు. అదేమిటో ఇంటివాళ్లు అడగరు, వచ్చినవాడు చెప్పడు.

పదేళ్ల క్రితమైతే దీన్ని పట్టించుకోకపోయినా చెల్లేది. ఇప్పుడు బ్యాంకు లావాదేవీ, పిల్లల పాఠం, గేటు దగ్గరి కెమెరా, డాలస్‌లో ఉన్న కొడుకు ముఖం అన్నీ ఆ డబ్బాలోంచే వచ్చిపోతున్నాయి. కాబట్టి ఆ తాళంచెవి ఇంటివాళ్ల చేతికి అందేదాకా ఏ కంపెనీ కూడా 'కనెక్షన్ ఇచ్చేశాం' అని లెక్క రాసుకోకూడదు.

లోపల జరిగే పని అర్థం చేసుకోవడం అంత కష్టమేమీ కాదు. హైదరాబాద్‌లో పాత డోర్ నంబర్లు చూసినవారికి ఐపీ అడ్రస్ వింతగా అనిపించదు. అక్కడ గీతలు పెట్టి విడదీసిన అంకెలు, ఇక్కడ చుక్కలు పెట్టి విడదీసిన నాలుగు సంఖ్యలు. ఒక్కో సంఖ్య 0 నుంచి 255 దాకా ఉండొచ్చు. అమెరికాలోని ఆర్పానెట్ అనే తొలినాటి నెట్‌వర్క్ 1983 జనవరి 1న ఈ పద్ధతికి మారింది. లెక్కకడితే మొత్తం 429 కోట్ల అడ్రసులు వస్తాయి. పరిశోధన సంస్థలు, విశ్వవిద్యాలయాలు మాత్రమే వాడుకునే రోజుల్లో అది తరగని గని. మనిషికో ఫోను వచ్చాక చాలకుండా పోయింది. 2011 ఫిబ్రవరి 3న ప్రపంచ ఉమ్మడి ఖాతాలో మిగిలిన చివరి అయిదు కట్టలనూ అయిదు ప్రాంతీయ సంస్థలకు పంచేశారు. ఏప్రిల్ మధ్యకల్లా ఆసియా పసిఫిక్ వాటాకూ రేషన్ పెట్టాల్సి వచ్చింది. మన ఊళ్లలో ఇంటింటికీ ఫైబర్ తీగ రావడం ఊపందుకున్నది ఆ తర్వాతే. పంక్తిలో చివర కూర్చున్నవాళ్లం మనం.

ఈ కరువు వస్తుందని ముందే పసిగట్టినవాళ్లు 1990లలోనే ఒక ఉపాయం చేశారు. అపార్ట్‌మెంటుకు వీధిలో ఒకటే డోర్ నంబరు, లోపల 101, 102, 201 అని ఫ్లాట్ నంబర్లు. ప్రతి అపార్ట్‌మెంటులోనూ 101 ఉంటుంది, అయినా ఉత్తరాలు తారుమారు కావు. 192.168తో మొదలయ్యే నంబర్లు, 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 వరకూ ఉన్నవి ఇలాంటి ఫ్లాట్ నంబర్లే. 1996 ఫిబ్రవరిలో వీటిని సొంత వాడకానికని విడిగా పెట్టారు. గేటు దగ్గర కూర్చుని వచ్చిన ఉత్తరాన్ని ఏ ఫ్లాటుకు పంపాలో చూసే వాచ్‌మన్ పని రౌటర్‌ది. ఇంట్లోకి కొత్తగా వచ్చిన ఫోనుకు నంబరు కేటాయించేదీ అదే. ఆ కేటాయింపును డీహెచ్‌సీపీ అంటారు.

ఇంతవరకూ తెలిస్తే చాలు, సగం గొడవలు ఇంట్లోనే తీరిపోతాయి. నెట్ రానప్పుడు ఫోన్లో వైఫై వివరాలు తెరిచి ఐపీ అడ్రస్ చూడాలి. అది 169.254తో మొదలైతే, వాచ్‌మన్ నంబరు ఇవ్వకపోతే పరికరం తనకు తానే ఏదో నంబరు తగిలించుకుందని అర్థం. లోపం ఇంట్లోనే ఉంది. నంబరు 192.168తో సరిగ్గానే ఉండి, డబ్బా మీద ఎర్ర లైటు కొట్టుకుంటుంటే ఫైబర్ తీగ ఎక్కడో తెగింది. అప్పుడు డబ్బాను పదిసార్లు ఆపి వేసినా ప్రయోజనం లేదు, ఫోన్ చేయాల్సిందే.

హనుమకొండలో ఒక రిటైర్డ్ టీచరుగారి ఇంట్లో జరిగింది చూస్తే తాళంచెవి ఎందుకు కావాలో తెలుస్తుంది. కింద హాల్లో కంపెనీవాళ్ల డబ్బా ఉంది. కూతురు మేడమీద గదిలో కూర్చుని హైదరాబాద్ ఆఫీసు పని చేస్తుంది. స్లాబు దాటి వైఫై పైకి సరిగ్గా అందడం లేదని ఆమె ఇంకో రౌటర్ కొని, కింది డబ్బా నుంచి వైరు లాగి మేడమీద పెట్టుకుంది. నెట్ బ్రహ్మాండంగా వచ్చింది. కానీ మేడమీద ఉన్న ప్రింటర్ ఆ రోజు నుంచి టీచరుగారి ఫోనుకు కనిపించడం మానేసింది. పెన్షన్ కాగితం ఒకటి ప్రింటు తీసుకోవడానికి ఆయన మోకాళ్ల నొప్పితో మెట్లెక్కాల్సి వచ్చింది. కార్ట్రిడ్జి మార్చారు, ప్రింటర్ ఆపి వేశారు, యాప్ తీసేసి మళ్లీ ఎక్కించారు. ఏం చేసినా కనిపించలేదు.

ప్రింటర్‌లో ఏ లోపమూ లేదు. ఒకే ఇంటికి ఇద్దరు వాచ్‌మన్లు తయారయ్యారు, అదీ సంగతి. కింది రౌటర్ 192.168.1 వరసలో నంబర్లు ఇస్తోంది, పైది 192.168.0 వరసలో ఇస్తోంది. పై వాచ్‌మన్ లెక్కలో టీచరుగారి ఫోను పరాయి మనిషి. గేటు తీయడు. పరిష్కారం పది నిమిషాల పని. పై రౌటర్‌ను యాక్సెస్ పాయింట్‌గా మార్చి, దాని చేత నంబర్లు పంచడం మాన్పించి, దానికి 192.168.1.2 అనే స్థిరమైన నంబరు ఇస్తే సరిపోతుంది. అప్పుడు ఇల్లంతా ఒకే వరసలోకి వస్తుంది. కూతురు ఆదివారం పూట కూర్చుని అది చేసేసింది.

తర్వాత పని దగ్గర అసలు చిక్కు వచ్చింది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ప్రింటర్‌కు కొత్త నంబరు వస్తోంది, ఫోను పాత నంబరుకే వెళ్లి తలుపు కొడుతోంది. ప్రింటర్‌కు ఎప్పటికీ ఒకే నంబరు ఇవ్వమని కింది డబ్బాలో ఒకసారి రాసిపెడితే చాలు. కానీ ఆ డబ్బా సెట్టింగుల కోసం 192.168.1.1 తెరవగానే అది పాస్‌వర్డు అడిగింది. కనెక్షన్ ఇచ్చిన అబ్బాయికి ఫోన్ చేస్తే, 'అది మా ఆఫీసులోనే ఉంటుంది సార్, మీకెందుకు అవన్నీ' అన్నాడు. మేడమీది నుంచి కూతురు కేకేసింది: 'నాన్నా, రెండు గడుల్లోనూ అడ్మిన్ అనే కొట్టి చూడు.'

తెరుచుకుంది.

ప్రింటర్ సమస్య తీరినందుకు ఆ ఇంట్లో సంతోషించారు గానీ, నిజానికి భయపడాల్సిన క్షణం అది. వైఫై పాస్‌వర్డు ఇంటాయన ఫోన్ నంబరు. అది పాలవాడి దగ్గరా ఉంది, ట్యూషన్ పిల్లల దగ్గరా ఉంది. ఆ వైఫైలోకి వచ్చినవాడు ఎవడైనా అడ్మిన్, అడ్మిన్ అని రెండుసార్లు కొడితే ఇంటి నెట్‌వర్క్ మొత్తం వాడి చేతిలో ఉంటుంది. అక్కడ డీఎన్ఎస్ అనే ఒక్క గడిలో అంకెలు మారిస్తే చాలు. వెబ్‌సైటు పేరు కొట్టగానే దాని అడ్రస్ వెతికిపెట్టే సేవ అది. దాన్ని మార్చినవాడు బ్యాంకు పేరు సరిగ్గా కొట్టినవాళ్లను కూడా దొంగ పేజీకి పంపించగలడు. ఇది ఊహ కాదు. బ్రెజిల్‌లో 2011, 2012 ప్రాంతంలో మోడెంలలోని ఒక లోపాన్ని పట్టుకుని సుమారు 45 లక్షల ఇళ్ల, ఆఫీసుల మోడెంలలో ఆ అంకెలనే మార్చేశారు. జనం రోజూ వాడే సైట్ల పేర్లే కొట్టారు, నకిలీ పేజీల్లో తేలారు.

2016 అక్టోబర్ 21న ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటి పెద్ద సైట్లు అమెరికాలో గంటల తరబడి అందకుండా పోయాయి. దాడికి వాడిన ఆయుధం మిరాయ్ అనే ప్రోగ్రాం. దాని తెలివి అంతా ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు ఉండే అరవై చిల్లర యూజర్ నేమ్, పాస్‌వర్డు జతల జాబితా. ఆ జాబితా పట్టుకుని ప్రపంచమంతా తిరిగి, ఇళ్లలోని కెమెరాలు, రికార్డర్లు, రౌటర్ల తలుపులు తట్టింది. లక్షల తలుపులు తెరుచుకున్నాయి. వాటి యజమానులకు తమ కెమెరా ఒక దాడిలో పాల్గొందన్న సంగతే తెలియదు.

మన దేశంలో జరిగింది ఇంకా గుర్తుండాలి. 2008 జులై 26న అహ్మదాబాద్‌లో వరస పేలుళ్లు జరగడానికి కొద్ది నిమిషాల ముందు మీడియాకు బెదిరింపు మెయిల్ వచ్చింది. పోలీసులు ఐపీ అడ్రస్ పట్టుకుని నవీ ముంబయిలో ఒక అమెరికన్ ఇంటికి వెళ్లారు. తీరా చూస్తే ఆయన వైఫైని ఎవరో వాడుకున్నారు. ఆయనకు సంబంధం లేదని తేలేలోపు పడిన యాతన తక్కువేమీ కాదు. పోలీసులు వచ్చేది డోర్ నంబరు ఎవరి పేరున ఉందో వాళ్ల ఇంటికే.

డోర్ నంబరు సంగతి ఇప్పుడు ఇంకా చిక్కుపడింది. అడ్రసులు చాలక చాలా కంపెనీలు వందల ఇళ్లను ఒకే నంబరు వెనక పెడుతున్నాయి. అపార్ట్‌మెంటుకు కాదు, వీధి మొత్తానికి ఒకే డోర్ నంబరు అన్నమాట. ఇలాంటి ఏర్పాటు కోసమే 2012లో 100.64 నుంచి 100.127 వరకూ ఉన్న వరసను కేటాయించారు. రౌటర్ స్టేటస్ పేజీలో బయటి వైపు ఐపీ ఈ వరసలో కనబడితే, ఆ ఇంటికి సొంత డోర్ నంబరు లేదని అర్థం. సినిమాలు చూడటానికి, వీడియో కాల్‌కు దీనివల్ల ఏ ఇబ్బందీ ఉండదు. కానీ ఊళ్లో ఉన్న అమ్మానాన్నల గేటు కెమెరాను న్యూజెర్సీ నుంచి నేరుగా తెరిచి చూడాలనుకునే కొడుకు రాత్రంతా రౌటర్‌లో పోర్టులు తెరుస్తూ కూర్చున్నా పని కాదు. కెమెరా కంపెనీ సర్వర్ మీదుగా చూసుకోవాలి, లేదంటే అదనంగా డబ్బు కట్టి స్టాటిక్ ఐపీ తీసుకోవాలి. ఈ ఒక్క ముక్క ప్లాన్ అమ్మేటప్పుడే చెప్పాలి. వందల ఎంబీపీఎస్ వేగాన్ని పెద్ద అక్షరాల్లో వేసే కరపత్రంలో, సొంత అడ్రస్ ఉందో లేదో చెప్పడానికి ఒక వరస చోటు దొరకదా?

ఐపీవీ6 అనే కొత్త అడ్రస్ పద్ధతి వస్తే కరువు తీరుతుందనే మాట నిజమే. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక దాని వాడకం మన దేశంలో ఒక్కసారిగా పెరిగింది, నేడు ఆ విషయంలో భారత్ ప్రపంచంలోనే ముందు వరసలో ఉంది. అయితే ఆ పద్ధతిలో ఇంట్లోని ప్రతి పరికరానికీ ప్రపంచమంతటికీ తెలిసే సొంత నంబరు వస్తుంది. అప్పుడు గేటు కాపలా మొత్తం రౌటర్‌లోని ఫైర్‌వాల్ మీదే పడుతుంది. అది వేసి ఉందో లేదో చూసుకోవడానికైనా తాళంచెవి కావాలి.

ఇందులో డబ్బా బిగించే అబ్బాయిని తప్పుపట్టడం అన్యాయం. ఒక ఇల్లు పూర్తి చేసుకుని ఎండలో ఇంకో స్తంభం ఎక్కాల్సినవాడు అతను. సెట్టింగులు వివరించినంత మాత్రాన అతనికి రూపాయి ఎక్కువ రాదు. తప్పు ఆ పనికి సమయం కేటాయించని కంపెనీలది, వాటిని అడగని ప్రభుత్వాలది. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించినప్పుడు నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోన్ అన్నారు. స్తంభాల మీదుగా పల్లెలకు తీగ లాగడానికి ప్రభుత్వ సంస్థే పూనుకుంది. అంత దూరం లాగినవాళ్లకు గడప లోపలి చివరి రెండు గజాలు బరువా?

బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి, ఇంటర్నెట్‌కు తగిలించే గృహ పరికరాలను అందరికీ తెలిసిన ఒకే పాస్‌వర్డుతో అమ్మడం చట్టవిరుద్ధం. కాలిఫోర్నియాలో అలాంటి చట్టం 2020 జనవరి 1 నుంచే అమల్లో ఉంది. పరికరానికొక వేరు పాస్‌వర్డు ఉండాలి, లేదా మొదటిసారి తెరిచినప్పుడే మార్చుకునేలా ఉండాలి. టెలికాం పరికరాలకు పరీక్ష తప్పనిసరి చేసే ఏర్పాటు మన దగ్గరా ఉంది. కానీ ఫ్యాక్టరీలో పరీక్షించి పంపిన డబ్బాకు, గుర్తుండటానికి వీలుగా ఊరంతటికీ ఒకే పాస్‌వర్డు పెట్టేస్తే ఆ పరీక్ష వల్ల ఒరిగేదేముంది? నిబంధన ఇంటి గుమ్మం దాకా రావాలి. కనెక్షన్ ఇచ్చిన రోజునే ఇంటివాళ్ల కళ్లముందు అడ్మిన్ పాస్‌వర్డు మార్పించి, వాళ్లతోనే రాయించుకోమనాలి. దూరం నుంచి మరమ్మతు చేసుకోవడానికి కంపెనీలకు వేరే దారి ఎలాగూ ఉంది, ఇంటివాళ్ల తాళంచెవి వాళ్లకు అవసరం లేదు.

సెట్టింగుల పేజీ తెలుగులో ఉండాలన్నది కూడా గొంతెమ్మ కోరిక కాదు. బ్యాంకు ఏటీఎం తెలుగులో మాట్లాడుతోంది, ఫోన్ మెనూ తెలుగులో వస్తోంది. టీచరుగారి లాంటివారు ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాళ్లు, నంబర్లకు భయపడరు. పేజీ నిండా అర్థం కాని పొట్టి ఇంగ్లిష్ మాటలు చూసి, ఏదైనా నొక్కితే నెట్ పోతుందేమోనని వెనక్కి తగ్గుతారు.

ఇప్పుడు ఆయన ఇంట్లో మెయిన్ బోర్డు తలుపు లోపలివైపు, ఎలక్ట్రీషియన్ స్కెచ్ పెన్నుతో రాసిన 'హాలు, వంటిల్లు, మోటారు' కింద ఒక తెల్లకాగితం అంటించి ఉంది. 192.168.1.1 కింది రౌటర్, 192.168.1.2 మేడమీది రౌటర్, 192.168.1.50 ప్రింటర్ అని కూతురు గుండ్రటి అక్షరాలతో రాసింది. కొత్త అడ్మిన్ పాస్‌వర్డు అందులో లేదు. అది బీరువాలో, ఇంటి దస్తావేజులు పెట్టే ఫైల్లో ఉంది.