ఫుట్‌పాత్ మీద సాక్ష్యం

పిల్లాడి స్కూలు సెలవుల్లో నాలుగు రోజులు పోర్చుగల్ వెళ్ళొచ్చాం. ఇంగ్లండులో ఉండేవాళ్ళకి అది మనం విజయవాడ నుంచి తిరుపతి వెళ్ళొచ్చినంత పని. చవకగా దొరికే విమానం, రెండుంబావు గంటల ప్రయాణం. పోర్టో అనగానే అందరూ నది, వంతెన, నీలం పెంకుల చర్చీలు చూస్తారు. మేమూ చూశాం. మూడో రోజు మాత్రం, "మీరిద్దరూ బీచిలో ఉండండి, నేను ఒక రోడ్డు చూసి రావాలి" అన్నాను. మా ఆవిడ నావైపు జాలిగా చూసింది. "ఇంత దూరం వచ్చి రోడ్డు చూస్తారా?" అంది. "అవును, రోడ్డే" అన్నాను.

ఆ రోడ్డు పేరు అవెనీదా ద బోవిస్తా. ఊళ్ళోంచి సముద్రం దాకా అయిదు కిలోమీటర్లకి పైగా గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది. సముద్రం వొడ్డున చిన్న కోట ఒకటి ఉంది, దాన్ని అక్కడివాళ్ళు జున్నుకోట అంటారు. 1958 ఆగస్టు 24న ఆ కోట పక్కనుంచీ, ఆ రోడ్డు మీదనుంచీ, సందుల్లోంచీ ఫార్ములా వన్ కార్లు పరిగెత్తాయి. ఒక రౌండు ఏడు కిలోమీటర్ల పైచిలుకు, మొత్తం యాభై రౌండ్లు. దారిలో రాళ్ళు పరిచిన చోట్లూ ఉన్నాయి, ట్రాం పట్టాలూ ఉన్నాయి. పక్కన దీపస్తంభాలు, చెట్లు, ఇళ్ళ గోడలు. అడ్డంగా గడ్డి మోపులు పెట్టి, అదే రక్షణ అనుకున్నారు. పైగా ఆ రోజు రేసుకి ముందు వాన. తడిసిన ట్రాం పట్టా మీద సైకిలు జారితేనే ఏమవుతుందో మనకి తెలుసు. వీళ్ళు సీటు బెల్టు కూడా లేకుండా రేసు కార్లతో వెళ్ళారు.

రేసుల సంగతి తెలియనివాళ్ళు కంగారు పడకండి. ఈ నెల నేను చెప్పబోయేది కార్ల గురించి సగమే.

ఆ ఏడాది ప్రపంచ చాంపియన్ ఎవరన్న పోటీ ఇద్దరు ఇంగ్లీషువాళ్ళ మధ్య నడిచింది. ఒకడు స్టర్లింగ్ మాస్. వాన్‌వాల్ అనే ఇంగ్లీషు కారు నడిపేవాడు. అంతకు ముందు మూడేళ్ళూ వరసగా రెండో స్థానంలోనే ఆగిపోయాడు. వాటిని గెలుచుకున్న మహానుభావుడు ఫాంజియో ఆ వేసవిలోనే రిటైరైపోయాడు. కాబట్టి ఇక మాస్ వంతే అని అందరూ అనుకున్నారు. రెండోవాడు మైక్ హాథార్న్. ఇటలీ వాళ్ళ ఫెరారీ నడిపేవాడు. పొడగరి, సరదా మనిషి, మెడలో బో టై కట్టుకుని రేసులోకి దిగేవాడు.

ఆ వేసవి హాథార్న్‌కి సరదాగా ఏమీ గడవలేదు. జూలైలో ఫ్రాన్సు రేసులో అతని జట్టులోని లూయీజీ ముస్సో చనిపోయాడు. ఆగస్టు 3న జర్మనీలో అతని ప్రాణస్నేహితుడు పీటర్ కాలిన్స్ చనిపోయాడు. హాథార్న్ అప్పుడు సరిగ్గా కాలిన్స్ వెనకే ఉన్నాడు, కళ్ళారా చూశాడు. సరిగ్గా మూడు వారాలకి పోర్టో రేసు.

ఇప్పుడు పాయింట్ల లెక్క కొంచెం చెప్పాలి. ఇంజనీరింగు చదివినందుకు ఈ మాత్రం లెక్కయినా చెయ్యకపోతే ఎలా. గెలిచినవాడికి 8, రెండోవాడికి 6, తర్వాత 4, 3, 2. ఇవికాక రేసు మొత్తంలో అందరికన్నా వేగంగా ఒక రౌండు తిరిగినవాడికి అదనంగా 1. సంవత్సరం చివర ఒక్కొక్కరి మంచి ఫలితాలు ఆరు మాత్రమే లెక్కలోకి తీసుకునేవారు.

రేసు మొదట్లో హాథార్న్ కాసేపు ముందున్నా, మాస్ త్వరగానే అతన్ని దాటేశాడు. ఆ తర్వాత వెనక్కి చూడలేదు. వాన్‌వాల్‌కి డిస్క్ బ్రేకులు. ఫెరారీకి పాతకాలం డ్రమ్ బ్రేకులు, అవి వేడెక్కి పట్టు తప్పుతూ వచ్చాయి. అయినా మధ్యలో హాథార్న్ ఒక రౌండు చాలా వేగంగా తిరిగాడు. అప్పట్లో కారులో రేడియోలు లేవు. రోడ్డు పక్కన జట్టువాళ్ళు నల్లబోర్డు పట్టుకుని నిలబడతారు, కారు సర్రున పోతుంటే డ్రైవరు చదువుకోవాలి. వాన్‌వాల్ వాళ్ళు మాస్‌కి చూపించిన బోర్డు మీద "హా - రెక్" అని ఇంగ్లీషులో రాశారు. హాథార్న్ రికార్డు కొట్టాడు, నువ్వు అంతకన్నా వేగంగా ఒక రౌండు తిరుగు అని దాని అర్థం. మాస్ దాన్ని "హా - రెగ్" అని చదువుకున్నాడు. హాథార్న్ మామూలుగానే వెళ్తున్నాడన్నమాట అనుకుని, తన పని తను చేసుకుంటూ పోయాడు. ఇంగ్లీషు సి అక్షరానికీ జి అక్షరానికీ మధ్యనున్న చిన్న గీత. తెలుగు టైపింగు సొంతంగా నేర్చుకుని, ఒత్తు మారిపోయి అర్థం మారిపోయిన వాక్యాలు మీచేత దిద్దించుకున్నవాణ్ణి. ఆ బోర్డు రాసినవాడి మీద నాకు కోపం రాదు.

చివరికొచ్చేసరికి మాస్ ఎంత ముందున్నాడంటే, ఒక రౌండు మొత్తం తిరిగి హాథార్న్ వెనక్కే వచ్చేశాడు. దాటేస్తే దాటేయొచ్చు. దాటలేదు. ఆ మర్యాదే హాథార్న్‌కి ఇంకో రౌండు పని పెట్టింది. ఎందుకంటే దాటేసి ఉంటే మాస్‌తోపాటే అతని రేసూ ముగిసిపోయేది. మాస్ జెండా దాటి గెలిచాక, హాథార్న్ మిగిలిన ఆ ఒక్క రౌండుకి బయల్దేరాడు. బ్రేకులు సరిగ్గా లేవు. ఒక మలుపులో కారు గిర్రున తిరిగి పక్కకి పోయింది, ఇంజను ఆగిపోయింది.

హాథార్న్ దిగి, కారుని తోస్తున్నాడు. అక్కడ రోడ్డు ఎత్తుగా ఉంది. కారు కదలడం లేదు. అప్పుడే గెలిచిన మాస్ మెల్లగా మర్యాద రౌండు తిరుగుతూ అటు వచ్చాడు. ప్రత్యర్థి చెమటలు కక్కుతూ కారు తోస్తుంటే చూసి, పల్లానికి తొయ్యి అని అరిచాడు. హాథార్న్ కారుని వెనక్కి తిప్పి, ఫుట్‌పాత్ మీదుగా పల్లానికి దొర్లించాడు. ఇంజను అందుకుంది. ఎలాగో రౌండు పూర్తి చేసి, మాస్ కన్నా అయిదు నిమిషాల పైన ఆలస్యంగా రెండో స్థానంలో వచ్చాడు.

ఇక్కడితో అయిపోలేదు. కారుని రేసు దిశకి ఎదురుగా నడిపాడు, ఇది రూలుకి విరుద్ధం, హాథార్న్ ఫలితం కొట్టేస్తాం అన్నారు నిర్వాహకులు. అప్పుడు అతని తరఫున సాక్ష్యం చెప్పినవాడు స్టర్లింగ్ మాస్. "అతను కారు ఎదురు తోసిన మాట నిజమే. కానీ రోడ్డు మీద కాదు, ఫుట్‌పాత్ మీద. నేను చూశాను" అన్నది అతని సాక్ష్యం సారాంశం. నిర్వాహకులు ఒప్పుకున్నారు. హాథార్న్‌కి రెండో స్థానానికి 6, వేగానికి 1, వెరసి 7 పాయింట్లు మిగిలాయి.

అక్టోబరు 19న మొరాకోలో ఆఖరి రేసు. మాస్ గెలిచాడు, వేగవంతమైన రౌండూ అతనిదే. అంతకన్నా చెయ్యడానికి ఇంకేమీ లేదు. హాథార్న్ రెండో స్థానంలో వచ్చాడు. మొత్తం లెక్క వేస్తే హాథార్న్‌కి 42, మాస్‌కి 41. ఆ ఏడాది మాస్ గెలిచిన రేసులు నాలుగు, హాథార్న్ గెలిచింది ఒకటి. చాంపియన్ హాథార్న్.

హోటల్ గదిలో కూర్చుని కాగితం మీద లెక్క వేసి చూశాను. పోర్టోలో ఆ 7 పాయింట్లు కొట్టేసి ఉంటే, హాథార్న్ లెక్కలోకి ఇంకో రేసులో వచ్చిన 4 చేరేవి. మొత్తం 39. మాస్ చాంపియన్. లేదూ, బోర్డు సరిగ్గా చదివి ఆ వేగం పాయింటు మాస్ లాక్కుని ఉంటే, మాస్‌కి 42, హాథార్న్‌కి 41. అప్పుడూ మాసే చాంపియన్. మొదటిది తెలిసి చేసిన పని. రెండోది కళ్ళ పొరపాటు. ఆ తర్వాత మాస్ ఎన్నో రేసులు గెలిచాడు గానీ, చాంపియన్ మాత్రం ఎప్పటికీ కాలేదు. 2020లో తొంభై ఏళ్ళ వయసులో పోయాడు. సాక్ష్యం చెప్పినందుకు బాధపడుతున్నారా అని అడిగితే, లేదనే చెబుతూ వచ్చాడు.

హాథార్న్ చాంపియన్ అయ్యాక రేసులు మానేశాడు. మూడు నెలలు తిరిగాయో లేదో, 1959 జనవరి 22న ఇంగ్లండులో మామూలు రోడ్డు మీద కారు ప్రమాదంలో పోయాడు. వయసు ఇరవై తొమ్మిది.

ఇంతకీ ఆ రోడ్డు చూడాలని నాకెందుకు అంత పట్టుదల?

చాలా ఏళ్ళ కింద, ఇప్పటి ఉద్యోగానికి ముందు, ఒక కంపెనీలో పనిచేసేవాణ్ణి. మా జట్టులో ఇంకో తెలుగువాడు ఉండేవాడు. ఒంగోలు పక్క. నా వయసే, నాతో పాటే చేరాడు. "మామా" అంటే "మామా" అనుకునేవాళ్ళం. మధ్యాహ్నం డబ్బాలు కలిపి తినేవాళ్ళం, వాళ్ళమ్మ పంపిన గోంగూర పచ్చడి సగం నేనే ఖాళీ చేసేవాణ్ణి. ఆ ఏడాది లీడ్ పోస్టు ఒకటి ఖాళీ అయింది. ఇస్తే మా ఇద్దర్లో ఒకరికే ఇస్తారు.

ఒక శుక్రవారం రాత్రి రిలీజు వాడు చేశాడు. శనివారం పొద్దున్న సైటు పడిపోయింది. మూడు గంటలు లేవలేదు. సోమవారం మీటింగులో మేనేజరు, "టెస్టులు నడపకుండా రిలీజు చేశావు" అన్నాడు. వాడు, "నడిపాను, అన్నీ పాసయ్యాయి" అన్నాడు. లాగ్స్ చూపించమన్నారు. మెషీను మళ్ళీ మొదలుపెట్టినప్పుడు ఆ లాగ్స్ తుడిచిపెట్టుకుపోయాయి. వాడి దగ్గర చూపించడానికేమీ లేదు.

వాడు టెస్టులు నడిపాడు. నాకు తెలుసు. శుక్రవారం రాత్రి నేను పక్క సీట్లోనే ఉన్నాను. స్క్రీను మీద పచ్చ గీతలు వరసగా రావడం చూశాను. "అయిపోయింది మామా, ఇంటికి పోదాం పద" అని వాడు అన్న మాట కూడా గుర్తుంది.

మీటింగులో నన్నెవరూ ఏమీ అడగలేదు. నేను అబద్ధం ఒక్కటీ ఆడలేదు. బల్ల మీద కాఫీ కప్పు వైపు చూస్తూ కూర్చున్నాను. రెండు నెలల తర్వాత లీడ్ పోస్టు నాకొచ్చింది. వాడు ఆ సంవత్సరమే ఉద్యోగం మారి వేరే దేశం వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు అందరితోపాటు నాకూ షేక్‌హ్యాండ్ ఇచ్చాడు.

ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్న మాట ఒకటే. నన్నెవరూ అడగలేదు కదా. ఎప్పుడో యూట్యూబులో ఏదో వెతుకుతుంటే ఈ పోర్టో రేసు కథ తగిలింది. అప్పటినుంచీ ఆ మాట నా దగ్గర పనిచెయ్యడం మానేసింది. మాస్ ముందు కూడా అదే దారి తెరిచి ఉంది. కారు మెల్లగా నడుపుకుంటూ చూడనట్టు పోవచ్చు. నిర్వాహకుల గది ముందునుంచి తలొంచుకుని పోవచ్చు. రూలు పుస్తకం ప్రకారం తప్పేమీ కాదు. నాకు పోయేది ఒక లీడ్ పోస్టు. అతనికి పోయింది ప్రపంచ చాంపియన్ పదవి.

అందుకే ఆ ఫుట్‌పాత్ చూడాలనిపించింది. చూశాను. అప్పటి ట్రాం పట్టాలు నాకు కనిపించలేదు. హాథార్న్ కారు ఏ మలుపులో ఆగిందో నేను పోల్చుకోలేకపోయాను. ఒక ముసలావిడ కుక్కని నడిపించుకుంటూ వెళ్తోంది. బస్టాపులో కాలేజీ పిల్లలు నవ్వుకుంటున్నారు. అరగంట నిలబడి, మాస్ ఇక్కడే అరిచి ఉంటాడని నాకు నేనే ఒక చోటు అనుకుని, తిరిగొచ్చేశాను.

ఆ రాత్రి మావాడు నిద్రపోయాక మా ఆవిడకి అంతా చెప్పాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఈ సంగతి తనకి చెప్పడం అదే మొదలు. తను కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అతని నంబరు ఉందా?" అంది. ఉంది.

మెసేజి నాలుగుసార్లు రాసి చెరిపాను. చివరికి ఉన్నదున్నట్టు రాశాను. ఆ రాత్రి నీ టెస్టులు పాసవడం నేను చూశాను, మీటింగులో చెప్పలేదు, పోస్టు కోసమే చెప్పలేదు, తప్పు నాదే, అని. అప్పటి మేనేజరుకి కూడా ఇదే రాసి పంపిస్తానన్నాను. ఆయన ఇప్పుడు ఎక్కడున్నాడో, దాంతో ఎవరికైనా ఉపయోగం ఉంటుందో లేదో నాకు తెలియదు.

జవాబు మర్నాడు విమానాశ్రయంలో ఉండగా వచ్చింది.

"తెలుసు మామా. నువ్వు పక్క సీట్లోనే ఉన్నావుగా. ఇప్పుడో ఇంకాసేపటికో చెప్తావని ఆ మీటింగంతా నీవైపే చూస్తూ కూర్చున్నా."

దాని కింద ఇంకో వాక్యం ఉంది. "మేనేజరుకి రాస్తే నాకూ కాపీ పెట్టు."

రాశాను. కాపీ పెట్టాను. దానికి వాడు ఇంకా జవాబివ్వలేదు. ఇవ్వాలని నేను అడగను కూడా.

వచ్చే నెల కలుద్దాం.