మూడు అరల గ్లాసు

నూనె నీళ్లకంటే చిక్కగా ఉంటుంది కదా, మరి మునగదేం? పిల్లలకు ఈ అనుమానం వస్తే జవాబు వంటింట్లోనే దొరుకుతుంది. సన్నటి గాజుగ్లాసు, తేనె, నీళ్లు, వంటనూనె ఉంటే చాలు.

ముందు గ్లాసులో కొంచెం తేనె పోయించండి. నీళ్లలో చిటికెడు మిఠాయి రంగు కలిపి, గ్లాసు అంచు వెంబడి నెమ్మదిగా పోయాలి. చివరగా నూనె. కాసేపటికి మూడూ అరలు కట్టినట్టు వేర్వేరుగా నిలుస్తాయి. ఇప్పుడో ద్రాక్షపండు వేసి చూడమనండి. నూనెనీ నీళ్లనీ దాటుకుని వెళ్లి, తేనెమీద ఆగిపోతుంది!

కిటుకంతా సాంద్రతలో ఉంది. వంద మిల్లీలీటర్ల చొప్పున తూస్తే నీళ్లు 100 గ్రాములు, తేనె దాదాపు 140, నూనె సుమారు 92 గ్రాములు తూగుతాయి. చిక్కదనం వేరు, సాంద్రత వేరు. సాంద్రత తక్కువున్నది పైకి తేలుతుంది, ఎక్కువున్నది అడుక్కి చేరుతుంది.

ఈ పాఠం పరీక్షలకే కాదు, ప్రాణాలకూ అవసరమే. బాణలిలో కాగుతున్న నూనె అంటుకుంటే కంగారులో నీళ్లు పోస్తుంటారు. ఆ నీళ్లు నూనె కిందికి దిగి, ఆ వేడికి క్షణంలో ఆవిరై, మండుతున్న నూనెను పైకి ఎగజిమ్ముతాయి. అందుకే పెద్దవాళ్లు వీలైతే స్టవ్ కట్టేసి, బాణలిని కదపకుండా లోహపు మూత జాగ్రత్తగా జరిపి పెట్టాలి. గాలి అందక మంట ఆరిపోతుంది. చల్లారేదాకా మూత తీయకూడదు. పిల్లలైతే దూరంగా జరిగి పెద్దవాళ్లను కేకేయాలి.

గ్లాసు ముందు కూర్చున్నప్పుడే ఈ సంగతీ చెప్పండి. ఇక మరిచిపోరు!