అనంతగిరికి ఇద్దరమే

ఈ నెల మా ఇంటి సంగతే వ్రాస్తున్నాము. క్రిస్మస్ వెళ్ళిన మూడవ రోజు ఉదయం మేము ఆలుమగలం ఇద్దరమే, పిల్లలు గాని చుట్టాలు గాని వెంట లేకుండా, ముడిమ్యాల నుండి అనంతగిరి కొండకు పోయి వచ్చాము. మాకు పెండ్లయి ఇరవై ఎనిమిది సంవత్సరాలు. ఇన్నాళ్ళలో మేము కలిసి బస్సెక్కినదంతా పెండ్లిండ్లకు, చావులకు, ఆసుపత్రులకు, కూటాలకు.

“ఈ వయసుల మనకు షికార్లేంది, నలుగురు నవ్వుతరు” అన్నది ఇంటావిడ. నిజానికి నవ్వేవారికన్న పెద్ద అడ్డం బర్రెలే. రెండు పూటలా పాలు పిండాలి, టమాట తోటకు నీళ్ళు కట్టాలి. “నేను చూసుకుంట, మీరు పోండి అత్తమ్మా” అని కోడలు బలవంతపెట్టిన తరువాత గాని ఆమె పెట్టెలోని మంచి చీర బయటికి తీయలేదు.

చేవెళ్ళలో వికారాబాదు బస్సెక్కి, మర్రిచెట్ల క్రింద నుండి మన్నెగూడ దాటిపోయాము. 2023 డిసెంబరు నుండి ఆడవారికి ఆర్టీసీలో ఉచితం గదా, ఇద్దరికీ కలిపి ఒక్కరి చార్జీయే. వికారాబాదు నుండి కొండ ఐదారు కిలోమీటర్లు. ఆటోలో పోతుంటే చలికి పండ్లు కొట్టుకున్నాయి. చెట్ల మధ్య మంచు పొగవలె నిలిచి ఉన్నది. హైదరాబాదును దాటి వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే మూసీ పుట్టేది ఈ కొండల్లోనే. 1920లో పూర్తయిన గండిపేట చెరువుకు నీళ్ళిచ్చే ఏరు ఇక్కడ ఎంత సన్నగా ఉంటుందో చూస్తేనే నమ్ముతాము.

జొన్నరొట్టె, వంకాయ కూర తిన్నాక అటూ ఇటూ నడుస్తూ క్షయ ఆసుపత్రి వైపు పోయాము. నిజాం కాలం నాటిది. మందులు లేని రోజుల్లో మంచి గాలి, విశ్రాంతి, బలమైన తిండి, ఇవే క్షయకు చికిత్స. అందుకే అటువంటి ఆసుపత్రులను కొండల మీద కట్టేవారు. ఇప్పుడైతే మామూలు క్షయకు ఆరు నెలల మందులు ఇంటి దగ్గర ఉండే మింగవచ్చు.

అక్కడ ఆమె నిలబడిపోయింది. తనకు తొమ్మిదేండ్లప్పుడు వాళ్ళ నాయన ఇక్కడ నెలల తరబడి ఉన్నాడట. తల్లి తోడుగా ఉంటే ఈమె అమ్మమ్మ దగ్గర పెరిగింది. ఒక్కసారి చూపించడానికి తెచ్చారు గాని దగ్గరికి పోనివ్వలేదు. ఈమె చెట్టు క్రింద నిలబడితే ఆయన వరండాలో నుండి చెయ్యి ఎత్తాడట. “నన్ను గుర్తుపట్టిండో లేదో అని ఏడ్చిన” అన్నది.

మామగారు కోలుకొని, మా పెండ్లి తన చేతులతో చేసి, ఆ తరువాతనే పోయారు. ఆయనకు జబ్బు చేసిందని మాకు తెలుసు. ఈ చెట్టు సంగతి తెలియదు. ఆమె చెప్పలేదు, మేము అడగలేదు. అనంతగిరి పేరెత్తినప్పుడల్లా “ఆ కొండ వద్దు” అంటుంటే ఖర్చుకు వెనకాడుతున్నదనుకొని ఎన్నోసార్లు విసుక్కున్నాము. ఆ మాట అక్కడే ఒప్పుకున్నాము. ఆమె ఏమీ అనలేదు. శాలువా సగం ఇటు కప్పింది.

రెండు గంటలకే దిగాలనుకున్నవారము పొద్దు వాలేదాకా కూర్చున్నాము. పట్నం నుండి వచ్చిన ఒక అబ్బాయి, “అంకుల్, మీ ఇద్దరికీ ఫొటో తీయమంటారా?” అన్నాడు. ఆమె మొదట కొంగు అడ్డం పెట్టుకొని, తరువాత తీసేసింది.

ఇల్లు చేరేసరికి చీకటి పడింది. కోడలికి పెద్ద బర్రె చేపలేదట. ఆమె మంచి చీరతోనే కొట్టంలోకి పోయింది.