కాలు తిరిగొచ్చింది!

కొండెక్కుతూ జారిపడితే కాలు విరగొచ్చు, కండరం చిట్లొచ్చు. కట్టు కట్టించుకుని కొన్నాళ్లు మంచం మీద ఉంటే అదే నయమవుతుందనుకుంటాం. కానీ నయమైన కాలు తనది కాదనిపిస్తే? మంచం మీదున్న ఆ కాలు ఎవరిదో అనిపిస్తే? ప్రపంచ ప్రసిద్ధ నాడీ వైద్యుడు ఆలివర్ శాక్స్‌కి సరిగ్గా అలాగే జరిగింది.

అది 1974 ఆగస్టు. శాక్స్‌కి అప్పుడు 41 ఏళ్లు. లండన్‌లో పుట్టి న్యూయార్క్‌లో స్థిరపడిన ఆయన సెలవులు గడపడానికి నార్వే వెళ్లారు. హార్డాంగర్ ప్రాంతంలో ఆరువేల అడుగుల కొండ ఎక్కాలని తెల్లవారుజామునే ఒంటరిగా బయల్దేరారు. చేతిలో ఓ గొడుగు. దారిలో ‘ఎద్దు ఉంది జాగ్రత్త’ అన్న బోర్డు కనిపించింది. ఇంత ఎత్తులో ఎద్దేంటని నవ్వుకుని ముందుకెళ్లారు. మధ్యాహ్నానికి ఓ బండరాయి పక్కనుంచి మలుపు తిరిగారో లేదో... దారికి అడ్డంగా కూర్చుని ఉంది పేద్ద ఆంబోతు!

మొదట నింపాదిగానే వెనుదిరిగారు. అంతలోనే భయం ముంచెత్తింది. పరుగు లంకించుకున్నారు. కాసేపటికి చూసుకుంటే ఓ రాతిగట్టు కింద పడి ఉన్నారు. ఎడమకాలు ఒంటి కింద మెలితిరిగిపోయింది.

గొడుగే దిక్కు!

అంత నొప్పిలోనూ ఆయనలోని వైద్యుడు మేల్కొన్నాడు. తన కాలు తానే పరీక్షించుకున్నారు. తొడ కండరాన్ని మోకాలి చిప్పతో కలిపే స్నాయువు తెగిపోయింది. మోకాలు నిలవడం లేదు. చుట్టుపక్కల నరమానవుడు లేడు. రాత్రయితే చలికి ప్రాణం పోవడం ఖాయం. గొడుగుని కాలికి దన్నుగా పెట్టి, చొక్కాపై వేసుకున్న కోటు చింపి కట్టుకున్నారు. కూర్చునే, చేతులతో నెట్టుకుంటూ కిందికి జరగడం మొదలెట్టారు. అలసిపోకుండా ఉండేందుకు రష్యాలో పడవలు లాగేవాళ్లు పాడుకునే ఓల్గా పాటని మనసులో పాడుకుంటూ, ఆ లయకి తగ్గట్టు ఒళ్లు కదిపారు. గంటలు గడిచాయి. చీకటి పడుతోంది. ఆశలు అడుగంటుతున్న సమయంలో రెయిన్‌డీర్ల వేటకొచ్చిన ఓ తండ్రీకొడుకులు ఆయన్ని చూశారు. ప్రాణం నిలిచింది.

ఇది ఎవరి కాలు?

లండన్‌లో శస్త్రచికిత్స చేసి స్నాయువుని తిరిగి కలిపారు. అసలు కష్టం ఆ తరవాతే మొదలైంది. కాలు కదపమంటే కదల్లేదు. తాకితే తెలియలేదు. ఓసారి నర్సు వచ్చి ‘మీ కాలు మంచం మీంచి వేలాడుతోంది’ అని చెప్పేదాకా, అది తిన్నగానే ఉందనుకున్నారాయన. కళ్లతో చూస్తే ఉంది, కళ్లు మూసుకుంటే లేదు!

వైద్య విద్యార్థిగా ఉన్నప్పుడు చూసిన ఓ రోగి ఆయనకి గుర్తొచ్చాడు. ఆ కుర్రాడు తన కాలినే ఎవరిదో తెగిన కాలనుకుని మంచం మీంచి విసిరేయబోయి, దాంతోపాటు తానూ కిందపడ్డాడు. అప్పుడు వింతగా తోచింది ఇప్పుడు తన అనుభవమైంది.

ఇదే సంగతి శస్త్రచికిత్స చేసిన వైద్యుడికి చెబితే, అంతా బాగానే ఉందంటూ కొట్టిపారేశారు. ఆయన లెక్కలో కుట్లు సరిగా పడ్డాయి, పని పూర్తయింది. కానీ మన ఒంటి పటం ఒకటి మెదడులోనూ ఉంటుంది. నరం దెబ్బతిని, కాలు కట్టులో కదలకుండా ఉండిపోతే అక్కణ్నుంచి మెదడుకి కబుర్లు ఆగిపోతాయి. అప్పుడు ఆ పటంలో కాలు చెరిగిపోవచ్చు. మెదడులోని ఈ పటాలు మారిపోతుంటాయని 1980ల్లో కోతుల మీద చేసిన పరిశోధనలూ తేల్చాయి.

పాట పట్టుకుని...

మరి పోయిన కాలు ఎలా తిరిగొచ్చింది? నడవడం వల్లే! ఇద్దరు ఫిజియోథెరపిస్టులు పట్టుకుని నిలబెట్టారు. ఎటు అడుగెయ్యాలో తెలియదు. ఎడమ, కుడి అని లెక్కపెట్టుకుంటూ మరబొమ్మలా కదిలారు. ఉన్నట్టుండి మనసులో ఓ సంగీతం మోగింది. ఆస్పత్రిలో క్యాసెట్ పెట్టుకుని మళ్లీ మళ్లీ విన్న మెండెల్సన్ వయొలిన్ కచేరీ అది. ఆ లయలో అడుగు దానంతటదే పడింది. ఆ క్షణంలోనే కాలు తనదయింది. కదల్లేని తన రోగులు పాట వినగానే కదలడం శాక్స్ అంతకుముందే చూశారు. పార్కిన్సన్స్, పక్షవాతం రోగులకి నడక నేర్పడానికి లయని వాడటం ఇప్పుడు మామూలే.

అయినా కుంటు మాత్రం పోలేదు. కాలు బాగానే ఉంది, దాని సంగతి మరచి ఇష్టమైన పనేదైనా చేయమన్నారు మరో వైద్యుడు. శాక్స్‌కి ఈతంటే ప్రాణం. కొలను దగ్గర తటపటాయిస్తుంటే అక్కడి కుర్రాడొకడు నీళ్లలోకి నెట్టి, పందేనికి రమ్మన్నాడు. రోషం కొద్దీ ఈదిన శాక్స్, గట్టెక్కాక చూసుకుంటే మామూలుగా నడుస్తున్నారు. ఆ పందెం వెనక ఉన్నది వైద్యుడేనని తరవాత తెలిసింది!

ఆ అనుభవాన్ని రాయడానికి ఆయనకి పదేళ్లు పట్టింది. 1984లో ‘ఎ లెగ్ టు స్టాండ్ ఆన్’ పుస్తకంగా వచ్చింది. 2015లో కన్నుమూసేవరకూ రోగుల మాటని శ్రద్ధగా విని రాసిన వైద్యుడిగానే శాక్స్ పేరు తెచ్చుకున్నారు.

మోకాలి ఆపరేషన్ అయిన అమ్మమ్మో, బైకు మీంచి పడిన అబ్బాయో ‘ఈ కాలు నాదిలా లేదు’ అంటే, అది చాదస్తం అనుకోవద్దు. ఆ మాట డాక్టరు చెవిన వేయాలి. నరం సంగతీ చూడమనాలి. ఆయన సరేనన్నాక, వ్యాయామం చేయించేటప్పుడు పక్కన వాళ్లకి నచ్చిన పాట పెడితే మరీ మంచిది!