శ్రావణము ఒక్క దినమేనా?

ప్రతి సంవత్సరమును జంధ్యాల పున్నమినాడు షోలాపురపు తూర్పుపేటలు చూడముచ్చటగా నుండును. సాంచెలు నిలిచిపోవును. ఏడాది పొడుగునను చెవులలో మ్రోగు టకటక ఆనాడు వినరాదు. పెద్దలు నూతన యజ్ఞోపవీతములు ధరించి, పిల్లలు క్రొత్త బట్టలు కట్టి, మార్కండేయ మహాముని రథము వెంట నడతురు. మరాఠీ సోదరులకు ఆ దినము నారళీ పూర్ణిమ. మనకు కులగురువు పండుగ. మేమును చిన్ననాటినుండి ఆ రథము వెంట నడచినవారమే. కనుక ఇందు మేము వ్రాయబోవునది రథోత్సవమునకు వ్యతిరేకమని ఎవ్వరును తలపవలదు. మా ఫిర్యాదు శ్రావణమాసమందలి తక్కిన దినములను గూర్చినది.

ఆ దినములలో మనము చేయుచున్న దేమి? వరలక్ష్మీవ్రతము స్త్రీలకు వదలివేసితిమి. సోమవారపు ఒంటిపూట వృద్ధులకు వదలివేసితిమి. పూర్ణిమకు పదిదినములు ముందుగా చందాల పుస్తకము బయటికి వచ్చును. పూర్ణిమ మరునాడు అది మరల పెట్టెలోనికి పోవును. దానితో శ్రావణము ముగిసినట్లే. ఆ ఒక్క దినమైనను ఎట్లున్నది? సాంచెల చప్పుడునుండి ఒక్కనాటికి విముక్తి దొరకినదని సంతసించు చెవులకు, అంతకు పదిరెట్లు మ్రోగు పెట్టెలను అద్దెకు తెచ్చి వినిపించుట ఏమి వేడుకయో మాకు బోధపడదు. ఆ పెట్టెల ముందు చిందులు వేయు పదునైదేండ్ల బాలుని పిలిచి, ఈ రథము ఎవరిది నాయనా యని అడిగి చూడుడు. మన దేవునిది అనును. ఆయన ఏమి చేసెను అని అడుగుడు. వాడు మీ ముఖము చూచి నవ్వును. ఆ నవ్వులో తప్పు వానిది కాదు.

మార్కండేయుని కథ పురాణములలో పలు తీరుల చెప్పబడినది. మృకండుడు సంతానముకై తపస్సు చేసెను. దీర్ఘాయువు గల మందమతియా, పదునారేండ్ల ఆయువు గల గుణవంతుడా అని ఈశ్వరుడడుగగా, గుణవంతునే కోరుకొనెను. ఆ బాలునకు తన గడువు తెలిసినది. తెలిసిన పిదప అతడు పారిపోలేదు, వైద్యుని వెదకలేదు, మిగిలిన దినములు విందులలో గడపలేదు. లింగము చెంత కూర్చుండెను. యమపాశము పడునప్పుడును ఆ కూర్చున్న చోటు విడువలేదు. మన కులమునకు మూలపురుషుడని చెప్పుకొను భావనాఋషి ఆ మహానుభావుని సంతానమేయని మన పెద్దల నమ్మకము. అనగా మన వంశకథ ఒక బాలుడు మృత్యువు నెదుట నిశ్చలముగా కూర్చుండుటతో ఆరంభమగుచున్నది. అట్టి కూర్చుండుటను స్మరించు పండుగలో మనము చేయనిది ఆ కూర్చుండుట ఒక్కటియే!

ఇక్కడ మేము ఒక పరాయి ఉదాహరణమును తెత్తుము. కృష్ణా, గుంటూరు మండలములలో తెలుగు కతోలికులు తరతరములుగా నున్నారు. వారికిని తిరునాళ్లు కలవు. విజయవాడ గుణదలలో ఫిబ్రవరి 11వ తేదీకి చేరు జనసమూహము మన రథోత్సవమునకు ఏమాత్రమును తీసిపోదు. కాని తిరునాళ్లతో వారి సంవత్సరము ముగియదు. ఆగమన కాలము, క్రిస్మసు కాలము, తపస్సు కాలము, పాస్కా కాలము, సామాన్య కాలము అని వారు సంవత్సరమంతయు పంచుకొన్నారు. నేతవారము గనుక ముందుగా మా కంటబడినది రంగు: కాలమును బట్టి గురువు ధరించు వస్త్రపు వన్నె మారును. ఆగమనమునకును తపస్సునకును ఊదా, పండుగ కాలములకు తెలుపు, సామాన్య కాలమునకు ఆకుపచ్చ. చదువురాని ముసలమ్మయు గుడిలో అడుగిడగనే ఇది ఏ కాలమో, తన మనస్సును ఎట్లు మలచుకొనవలెనో ఆ గుడ్డను చూచి తెలిసికొనును. గుడ్డ అంత పని చేయగలదని నేతవారమైన మనకు తోచకపోవుట వింత.

తపస్సు కాలము విభూతి బుధవారముతో మొదలగును. ఆ పేరు చూడుడు. తెలుగువాడు ఎంత సులువుగా తనదిగా చేసికొన్నాడో! నుదుట బూడిద పెట్టి, నీవు మంటినుండి వచ్చినవాడవు, మంటిలో కలియువాడవు అని గుర్తుచేయుదురు. ఆదివారములు లెక్కింపక నలువది దినములు ఉపవాస ప్రార్థనలు సాగును. శుక్రవారములలో పదునాలుగు స్థలముల సిలువమార్గము నడతురు. ఇవి గాక, వారు రిట్రీటు అని పిలుచు ధ్యానదినములు కలవు. ఇంటిని, పనిని విడిచి కొన్నినాళ్లు మౌనముగా ఒకచోట నుండుట. ఉదయమున ఒక చిన్న ఉపదేశము విని, పిదప ఎవరికి వారు ఏకాంతమున దానిని నెమరువేయుట. దీనికి క్రమమేర్పరచినవాడు ఇగ్నేషియస్ లొయోలా యను స్పెయిను దేశీయుడు. అతడు మొదట సైనికుడు. 1521లో పాంప్లోనా కోటయొద్ద ఫిరంగిగుండు తగిలి కాలు విరుగగా, మంచము పట్టిన దినములలో చదివిన పుస్తకములు అతని మనస్సును మార్చినవి. మరుసటి యేడు మన్రేసా యను ఊర మాసముల తరబడి ధ్యానములో గడిపెను. అప్పటి అనుభవము పుస్తకరూపము దాల్చి 1548లో పోపు మూడవ పౌలు ఆమోదమును పొందినది. సంపూర్ణముగా చేయుటకు సుమారు ముప్పది దినములు. దానిని నాలుగు వారములుగా భాగించిరి. తీరిక లేనివారికి ఎనిమిది దినములు, మూడు దినములు. 1929లో పదునొకండవ పయస్ పోపు ఈ ధ్యానదినములను గూర్చి ప్రత్యేకముగా లేఖ వ్రాసి ప్రోత్సహించెను.

ముప్పది దినములు, నాలుగు వారములు. మన శ్రావణమాసపు కొలత కూడ ఇంచుమించు అదియేకదా!

మా మాట వినగనే కొందరు పెద్దలు కన్నెర్రజేయుదురని యెరుగుదుము. పరమతస్థుల ఆచారము మనకేల యని ఇదివరకే ఒకరు మా ముఖముననే అడిగినారు. వారి సిద్ధాంతములను దెచ్చుకొండని మేమనలేదు. పాపసంకీర్తనముగాని, విశ్వాసముగాని మా వాదములో లేవు. ఋతువును బట్టి ధ్యానము చేయుట రోమునుండి దిగిన సరుకు కాదు. పరీక్షిన్మహారాజు తనకు ఏడుదినములే గడువని తెలిసి, రాజ్యమును విడిచి గంగాతీరమున కూర్చుండి శుకుని నోట భాగవతము వినెను. వానకాలము నాలుగు మాసములు సన్న్యాసులు ఒక్కచోట నిలుచుట చాతుర్మాస్యము. బౌద్ధభిక్షువులకును వర్షావాసము కలదు. మన మహాముని పేరిటి పురాణమునే తీసికొనుడు. అందలి దేవీమాహాత్మ్యములో, రాజ్యము పోయిన సురథుడును, ఆలుబిడ్డలు ధనముకై ఇంటినుండి వెడలగొట్టిన సమాధియను వైశ్యుడును మేధసుని ఆశ్రమమును చేరుదురు. తమను వంచించినవారిమీదనే తమకింకను మమకార మేలయని ఆ ముని నడుగుదురు, కథ విందురు, పిదప నదితీరమున మూడేండ్లు తపస్సు చేయుదురు. తుదకు రాజు రాజ్యమునే కోరెను. వైశ్యుడు జ్ఞానము కోరెను. ఇంతకన్న చక్కని ధ్యానకథ ఏ మతములో నున్నది? దీనిని మనము నవరాత్రులలో పురోహితునిచే గబగబ పారాయణ చేయించి, దక్షిణ యిచ్చి పంపివేయుచున్నాము. అందులో నేతపని చితికి ఊరు విడిచినవాని దుఃఖమును పోలిన దుఃఖము కలదని ఎందరికి దెలియును? కరీంనగరము, ఓరుగల్లు, నల్లగొండ, పాలమూరులనుండి మన తాతముత్తాతలు ఈ మిల్లుల ఊరికి సుఖము కొరకు నడచిరాలేదు.

మరాఠీ ఇరుగుపొరుగును చూచియైనను సిగ్గుపడవలదా? వారు జ్ఞానేశ్వరిని ముందిడుకొని సప్తాహములు చేయుదురు. ఏడు దినములు పనివాడు, రైతు, గుమాస్తా ఒక్క పందిరిక్రింద కూర్చుండి ఓవీ వెంట ఓవీ చదువుదురు. ఆ సప్తాహములలో మన పిల్లలును కూర్చుండుచున్నారు; అది మంచిదే. తమ యింటి పుస్తకమేదో వారికి చూపినవారు లేకపోవుట మంచిది కాదు.

ఆ పుస్తకము లేకపోలేదు. కాకతీయ ప్రతాపరుద్రుని కాలమున మారన మహాకవి మార్కండేయపురాణమును తెనిగించి నాగయ గన్నయకు అంకితమిచ్చెను. తెలుగున పురాణానువాదములలో అది మొదటిదని సాహిత్యచరిత్రకారులు చెప్పుదురు. పెద్దన మనుచరిత్రమునకు మూలమగు కథ అందులోనిదే. హరిశ్చంద్రుడందులోనివాడే, ఉయ్యాల నూపుచునే కొడుకులకు తత్త్వము బోధించిన మదాలస అందులోనిదే. మన కులదైవము పేరు గల గ్రంథము, మన భాషలో, ఏడువందల యేండ్లనాడే పుట్టినది. షోలాపురమున ఎన్ని పద్మశాలి గృహములలో దాని ప్రతి కలదో లెక్కించుటకు చేతివ్రేళ్లు చాలునేమో!

ఇక భాష మాట. కతోలికుల పూజ యుగములుగా లాటిను భాషలో జరిగెను. 1963 డిసెంబరు 4వ తేదీన వాటికను సభ దేశభాషలకు ద్వారము తెరచినది. అటుపిమ్మట తెలుగువాడు తెలుగులోనే పూజ వినుచున్నాడు. అంత పురాతన సంస్థ భక్తుని చెవికొరకు వేయేండ్లకు మించిన అలవాటును మార్చుకొన్నది. మనమో! సంకల్పము సంస్కృతములో, ప్రకటనలు మరాఠీలో, పాటలు హిందీ చలనచిత్రములవి. తెలుగు మాత్రము రథము లాగువారు ఒకరినొకరు గదమాయించుకొనునప్పుడు వినబడును.

మన పిల్లలకు తెలుగు మాట వచ్చును, తెలుగు అక్షరము రాదు. అందుచే పురాణకథలను సులభమైన తెలుగులో వ్రాసి, నాగరిలిపిలో అచ్చు వేయుదమని మాలో కొందరము ప్రతిపాదించితిమి. దానికి లేచిన దుమారము ఇంతింత కాదు. లిపిని చంపుచున్నారని మమ్ము నిందించిరి. నిందించినవారిలో తమ మనుమలకు ఓనమాలు దిద్దించినవారు ఎందరో అడుగుటకు మాకు నోరు రాలేదు, ఇప్పుడు అడుగుచున్నాము. లిపి ప్రాణప్రదమే. కాని చెవిలో బడని భాషకు లిపి యేల? ముందు కథ నోటికి రానిండు. నాగరిలో ఒక పేజీ, ఎదుట తెలుగక్షరములలో అదే పేజీ యుండునట్లు కూర్చినచో, తెలివిగల పిల్లవాడు ఒక్క మాసములో రెండవ పేజీకి తానే దాటును.

తీరిక లేదనువారికి కూడ మా జవాబు కలదు. సాంచెమీద గజములను బట్టి, బీడీలమీద వేలను బట్టి కూలి దొరకు ఇండ్లలో ముప్పది దినముల మౌనము సాగునా యని అడుగుదురు. సాగదు; సాగునని మేమనుటలేదు. ఐరోపాలో కూడ 19వ శతాబ్ది చివరనుండి బెల్జియము, ఫ్రాన్సు దేశములలో కూలివాండ్ర కొరకు మూడేసి దినముల ధ్యానములు ఏర్పరచిరి. మనకు అదియు అక్కరలేదు. నాలుగు సోమవారములు, సాంచెలు నిలిపిన పిమ్మట ఒక్కొక్క గంట చాలును.

స్త్రీల విషయమున మా మనస్సులో మరియొక చిత్రము కలదు. 1865లో క్యూబా దేశపు హవానా నగరమున చుట్టలు చుట్టు కార్ఖానాలో ఒక క్రొత్త ఏర్పాటు మొదలైనది. పనివాండ్రు చుట్టలు చుట్టుచుండగా ఒకడు ఎత్తుపీటపై కూర్చుండి వారికి పత్రికలను, కథలను చదివి వినిపించును. అతని కూలి యజమాని యీయడు. పనివారే తమ సంపాదనలోనుండి తలా కొంత ఇత్తురు. మన పేటలలో వేలాది తల్లులు తునికాకును కత్తిరించుచు, తంబాకు చేటలను ఒడిలో పెట్టుకొని గుమ్మములలో కూర్చుందురు. చేతులకు పని కలదు, చెవులు ఖాళీ. ఆ చెవులను నేడు చేతిఫోను మ్రింగుచున్నది. ఒక గుమ్మమున ఎనిమిదిమంది చేరినచో, ఇంటర్మీడియటు చదివిన ఒక అమ్మాయి అరగంటసేపు మదాలస కథ చదువరాదా? తలా పది బీడీల కూలి ఆమెకిచ్చినచో ఆమె కలమునకు, కాగితమునకు వచ్చును. మౌనమనగా నోరు మూయుటయే కాదు. ఒక్క మాటను మనస్సులో నిలుపుకొని చేతిపని చేయుటయు మౌనమే.

ఇదియంతయు తొందరపెట్టుటకు కారణము కలదు. పేట ఒక్కచోట నిలిచి లేదు. 2006లో కుంభారియొద్ద బీడీపని స్త్రీల కొరకు 10,000 గృహములు వెలసినవి. అటనే 2024 జనవరిలో రే నగరమున మరి 15,000 గృహములు పంచబడినవి. మంచి ఇండ్లు దొరకినవి, సంతోషము. కాని సందుగొందుల తెలుగు ఆ విశాలమైన వీధులలో పలుచబడుచున్నది. 2005లో మన చద్దరునకు భౌగోళిక గుర్తింపు వచ్చినదని గర్వించితిమి. చద్దరునకు వచ్చిన గుర్తింపు దానిని నేసినవాని యింటి కథకు ఏ కార్యాలయమునుండియు రాదు.

కొన్నియేండ్ల క్రిందట మేము ఏడుగురము ఒక సభామందిరమున శ్రావణ సోమవారము పఠనము ఆరంభించితిమి. రెండవ వారముననే ప్రక్కగదిని పెండ్లివారికిచ్చిరి. వారి బాజాలో మా హరిశ్చంద్రుడు మునిగిపోయెను. మూడవ వారమున మేము ముగ్గురము. నాలుగవ వారమున తాళము తీసినవారే లేరు. ఆ వైఫల్యమునకు పెండ్లివారిని నిందించుట సులభము. మేము ఇంటింటికి పోయి పిలువలేదన్నదే నిజము.

ఈ మారు మందిరము వలదనుకొన్నాము. సాంచెల కార్ఖానా యొకదాని యజమాని తన వసారాను రాత్రి ఎనిమిది గంటలనుండి తొమ్మిదివరకు నాలుగు సోమవారములకు ఇచ్చెదననినాడు. విద్యుత్తు తీసివేసి, సాంచెలపై గుడ్డ కప్పి ఉంచునట. మొదటి సోమవారము మృకండుని వరము, రెండవది హరిశ్చంద్రుడు, మూడవది మదాలస, నాలుగవది సురథుడును సమాధియును. చదువుట ముప్పావుగంట, మిగిలిన పావుగంట ఎవ్వరును మాటాడరాదు, ఫోను తీయరాదు. చదువుటకు ముగ్గురు కుదిరిరి, అందిద్దరు స్త్రీలు. సమాధి కథకు చదువరి ఇంకను దొరకలేదు. తెలుగక్షరము వచ్చిన వారెవరైన ఆషాఢ బహుళములోగా మాకు తెలుపుడు.