ఫార్మాట్ కొడితే సెట్ అయితదా?

లాప్‌టాప్ మొరాయించడం మొదలుపెట్టిన ఇంట్లో రెండు పార్టీలు తయారవుతాయి. "ఆరేండ్లు వాడినం, ఇంకెన్ని రోజులు? కొత్తది కొందాం" అనేది పిల్లల పార్టీ. "మొన్న మొన్ననే కొన్నట్టుంది, ఫార్మాట్ కొట్టిస్తే సెట్ అయితది" అనేది నాన్న పార్టీ. ఈ పంచాయితీ చివరికి ఆ నెల చేతిలో ఎంత ఉందన్నదాన్ని బట్టి తెగుతుంది. అసలు చెడిందేమిటని మాత్రం ఇద్దరూ అడగరు. లాప్‌టాప్ వయసును చూసి తీర్పు చెప్పొద్దని, లోపల ఏ భాగం దెబ్బతిన్నదో చూసి చెప్పాలని నా వాదన. అది తేలకముందు రిపేరుకు పెట్టే వెయ్యీ దండగే, కొత్తదానికి పెట్టే యాభై వేలూ దండగే.

"ఊకె ఆగిపోతుంది" అనే ఒక్క ఫిర్యాదు వెనుక నాలుగైదు వేర్వేరు కారణాలుంటాయి. కాసేపు బాగానే నడిచి, వీడియో పెట్టగానే ఫ్యాన్ గోలపెట్టి, చెయ్యి పెట్టలేనంత గరమై దానంతట అదే ఆఫ్ అయిందంటే చాలావరకు దుమ్ము పనే. గాలి బయటికి పోయే సందుల్లో దుమ్ము అట్టకట్టి ఉంటుంది, ప్రాసెసర్ మీది థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటుంది. వేడి హద్దు దాటితే ప్రాసెసర్ ముందు తన వేగం తగ్గించుకుంటుంది, అప్పటికీ తగ్గకపోతే మిషనే ఆగిపోతుంది. అంటే మనం చెడిపోయిందనుకునేది నిజానికి చెడిపోకుండా తనను తాను కాపాడుకుంటోంది. వరికోతల దుమ్ము ఇంట్లోకి కొట్టే ఊళ్లలో, మంచం మీద బొంత పరిచి దానిపైన పెట్టి వాడే లాప్‌టాప్‌కు ఈ బాధ రాకపోతేనే వింత. విప్పి తుడిచి పేస్ట్ మారిస్తే సరిపోయే పని ఇది.

ఆన్ కావడానికే అయిదు నిమిషాలు పట్టినా, ఫోల్డర్ తెరిస్తే చక్రం తిరుగుతూ ఉండిపోయినా, లోపలి నుంచి టిక్కుటిక్కుమని చప్పుడు వస్తున్నా అనుమానించాల్సింది హార్డ్‌డిస్క్‌ను. డిస్క్ తన ఆరోగ్యం లెక్కలు తనే రాసుకుంటుంది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వంటి ఉచిత ప్రోగ్రాం ఆ లెక్కలు తీసి చూపిస్తుంది. "కాషన్" అనో "బ్యాడ్" అనో కనిపిస్తే ఇక వాదన లేదు, ఫైళ్లన్నీ ఆ రోజే వేరేచోటికి ఎక్కించుకోవాలి. నాన్న పార్టీ చేసే పెద్ద పొరపాటు ఇక్కడే. చావుబతుకుల్లో ఉన్న డిస్క్‌కు ఫార్మాట్ కొట్టిస్తే డిస్క్ బాగుపడదు, అందులో ఉన్న సర్టిఫికెట్ల స్కాన్లు, భూమి కాగితాలు, పెండ్లి ఫొటోలు మాత్రం పోతాయి. తిరిగే డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డీ వేయిస్తే ఆరేడేళ్ల మిషన్ కూడా ఎంత మారిపోతుందో చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. పెట్టిన పైసలు కళ్లముందు కనిపించే రిపేరు అదొక్కటే.

మిషన్ ఆగిపోయి నీలి తెర (బ్లూ స్క్రీన్) వచ్చిన ప్రతిసారీ ఒక్కో రకం ఎర్రర్ పేరు చూపిస్తుంటే ర్యామ్‌ను పరీక్షించాలి. అందుకు విండోస్‌లోనే మెమరీ డయాగ్నస్టిక్ ఉంది, అది రాత్రి పెట్టి పడుకున్నా సరిపోతుంది. అప్‌డేట్ తర్వాతే మొదలైతే తప్పు డ్రైవర్‌ది కావచ్చు. నీలి తెర కనబడగానే "బోర్డు పోయింది" అని తేల్చేసేవాళ్లకు 2024 జులై 19ని గుర్తుచేయాలి. క్రౌడ్‌స్ట్రైక్ అనే సైబర్ భద్రతా సంస్థ పంపిన ఒక్క తప్పుడు అప్‌డేట్‌తో ఆ రోజు ప్రపంచంలో దాదాపు 85 లక్షల విండోస్ మిషన్లు నీలి తెర దగ్గర ఆగిపోయాయని మైక్రోసాఫ్టే లెక్క చెప్పింది. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాస్ చేత్తో రాసిచ్చిన ఫొటో అందరూ చూసిందే. ఆ గొడవకు ఏ బోర్డూ కాలిపోలేదు, ఏ డిస్కూ చెడిపోలేదు. ఆ అప్‌డేట్‌తో వచ్చిన ఒక్క ఫైలు తీసేస్తే మిషన్లు లేచాయి.

ఇవన్నీ ఇంట్లోనో, ఊళ్లోని షాపులోనో తేల్చుకోగలిగినవి. అసలు చిక్కు మదర్‌బోర్డు దగ్గర మొదలవుతుంది. మా సిద్దిపేట సంగతే చూడండి. 2016 అక్టోబర్ 11న జిల్లా కేంద్రమైంది. 2023 జూన్‌లో ఐటీ టవర్ తెరుచుకుంది, ఆ అక్టోబర్‌లో సికింద్రాబాద్‌కు రైలు కూడా మొదలైంది. చెడిన బోర్డు మాత్రం ఇప్పటికీ సికింద్రాబాద్‌కు పార్సిల్‌లోనే పోతోంది. మన దగ్గరి షాపుల్లో చాలావరకు విండోస్ వేస్తారు, కీబోర్డు, స్క్రీన్, బ్యాటరీ మారుస్తారు. చిప్ లెవెల్ పని అనగానే "హైదరాబాద్ పంపాలె అన్నా, నాలుగు రోజులైతది" అంటారు. ఆ హైదరాబాద్ అంటే ఎక్కువగా సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరి నోట్లో సీటీసీ. రాజీవ్ రహదారి మీద వంద కిలోమీటర్లు పోయి వచ్చిన బోర్డును ఎవరు విప్పారో, ఏం మార్చారో మనకు తెలియదు. పంపిన షాపతను కూడా చూడలేదు కాబట్టి అతనికీ తెలియదు. అందుకే బోర్డు రిపేరు విషయంలో నేను కాస్త పిసినారిని. చార్జింగ్ సాకెట్, పవర్ లైన్‌లో ఒక చిన్న భాగం లాంటివైతే సరే. నీళ్లో చాయో పడి బోర్డు తుప్పుపట్టినా, గ్రాఫిక్స్ చిప్ పోయినా వదిలేయడమే మేలు. చిప్‌ను వేడిచేసి మళ్లీ కూర్చోబెట్టడమంటే పగిలిన కుండకు లక్క పెట్టినట్టే. నెలో రెండు నెలలో నడుస్తుంది, తర్వాత మళ్లీ అదే పార్సిల్.

బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్ పైకి లేచిందంటే మాత్రం ఆలోచించడానికి ఏమీ లేదు, అప్పుడే చార్జింగ్ తీసేయాలి. ఆ బ్యాటరీని గుచ్చొద్దు, నొక్కొద్దు, చెత్త బండిలో వేయొద్దు. లిథియం బ్యాటరీ నలిగితే మంటలంటుకోవచ్చు.

ఇక ఆరేడేళ్లు దాటిన లాప్‌టాప్‌ల మీద ఈమధ్య బయటినుంచి వచ్చిపడిన ఒత్తిడి ఒకటుంది. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. నమోదు చేసుకున్న ఇంటి వాడకందార్లకు భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 దాకా ఇస్తామని ప్రకటించింది. విండోస్ 11 ఏమో టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు అడుగుతుంది, ఇంటెల్ అయితే కొన్ని మినహాయింపులు తప్ప ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచే ఒప్పుకుంటుంది. 2017కు ముందు కొన్నవి దాదాపు అన్నీ బయటే. వాటిలో చాలా మిషన్లు ఇంకా నిక్షేపంలా నడుస్తున్నాయి. మిషన్‌లో లోపం లేదు, గడువు పెట్టింది కంపెనీ. అలాంటిదాన్ని తుక్కు కింద లెక్కకట్టడం నాకు మింగుడుపడదు. ఇంటర్నెట్, వీడియో పాఠాలు, దరఖాస్తులు, ఉత్తరాలు రాసుకోవడం వరకే అవసరమైతే లైనక్స్ వేయించుకోవచ్చు. తెలుగులో కంప్యూటర్ వాడించాలని హైదరాబాద్ కేంద్రంగా ఏళ్ల తరబడి పనిచేస్తున్న స్వేచ్ఛ సంస్థ తెలుగు లైనక్స్‌నూ, బడిపిల్లల కోసం బాల స్వేచ్ఛనూ తయారుచేసింది. మన దగ్గర ఆ మాట ఎత్తితే షాపుల్లో వింతగా చూస్తారు, అది వేరే సంగతి.

డీటీపీ సెంటర్ల కథ మళ్లీ వేరు. పెండ్లి కార్డులు, కరపత్రాలు, పుస్తకాలు కంపోజ్ చేసే చోట పాత విండోస్ మీద పేజ్‌మేకర్, అను ఫాంట్లతో నడిచే కంప్యూటర్ ఒకటి మూలన ఉంటుంది. కొత్త మిషన్ కొంటే పాత ఫైళ్లు తెరుచుకుంటాయో లేదో, తెరుచుకున్నా ఒత్తులు ఎక్కడికి ఎగిరిపోతాయో అన్న భయంతో ఆ యజమాని దాన్ని మార్చడు. ఆయన చేసేది సరైనదే. ఆ మిషన్‌కు ఇంటర్నెట్ పీకేసి, డిస్క్‌కు అచ్చంగా ఒక నకలు తీసి దాచుకుని, నడిచినన్ని రోజులు నడిపించుకోవాలి. పనికొచ్చే ఏర్పాటును వయసు పేరుతో చెడగొట్టుకోవడం తెలివి కాదు.

మరి రిపేరుకు ఎంతదాకా పెట్టొచ్చు? కొత్తదాని ధరలో సగం దాటితే ఆగమని అందరూ చెప్పే లెక్క. నేను ఒప్పుకోను. 18 శాతం జీఎస్టీ కలిసిన మెరిసే కొత్త లాప్‌టాప్‌తో పోలిస్తే ఏ రిపేరైనా చౌకగానే కనబడుతుంది. పోల్చాల్సింది మన మిషన్ చేసే పనే చేయగల సెకండ్ హ్యాండ్‌తో. హైటెక్ సిటీ కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడి దించేసిన థింక్‌ప్యాడ్‌లు, లాటిట్యూడ్‌లు హైదరాబాద్ మార్కెట్‌లో దొరుకుతాయి. వాటిలో చాలావాటికి ర్యామ్ మార్చుకోవచ్చు, విడిభాగాలూ దొరుకుతాయి. రిపేరు ఖర్చు అలాంటిదాని ధరలో సగానికి వచ్చిందంటే ఇక ఆగాలి. పలచగా ఉండాలని ర్యామ్‌ను బోర్డుకే అతికించేసిన నాలుగు జీబీ లాప్‌టాప్ అయితే డిస్క్ మార్చినా మెమరీ ఇరుకు తీరదు, దాన్ని వదులుకోవచ్చు. ఒకప్పుడు "ఇంకో ర్యామ్ వేయించు" అనేది కళ్లు మూసుకుని చెప్పగలిగే సలహా. 2025 చివరి నుంచి అదీ కష్టమైంది. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లను ఎగరేసుకుపోతుంటే ధరలు పైకిపోయాయి. క్రూషియల్ పేరుతో మామూలు జనానికి ర్యామ్ అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు మైక్రాన్ ఆ డిసెంబర్‌లో ప్రకటించింది. అమెరికాలో ఎవరో కట్టే డేటా సెంటర్‌కు సిద్దిపేటలో డిగ్రీ చదివే పిల్ల లాప్‌టాప్‌కూ లింకు ఇట్లా పడుతుంది.

వదులుకున్నదాన్ని ఏం చేస్తున్నామన్నది సిద్దిపేటకు తగిలే ప్రశ్న. తడి చెత్త, పొడి చెత్త వేరు చేయడంలో పేరు తెచ్చుకున్న ఊరు ఇది. విందులకు ప్లాస్టిక్ పళ్లేలు వద్దని స్టీల్ బ్యాంకులు పెట్టుకున్న జిల్లా ఇది. అయినా పాత లాప్‌టాప్ వచ్చేసరికి పాత సామాన్ల బండికి కిలోల లెక్కన వేసేస్తాం. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం తమ సరుకును రీసైక్లింగ్ చేయించే బాధ్యత తయారీదారులది. కంపెనీని అడగాలన్న సంగతే మనకు తట్టదు. ఎవరికి ఇచ్చినా డిస్క్ మాత్రం తీసి మన దగ్గరే పెట్టుకోవాలి.

ఇక బాగుచేయించుకునే సంగతికొస్తే, కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో రిపేర్ హక్కు మీద కమిటీ వేసింది, ఆ ఏడాది డిసెంబర్ 24న పోర్టల్ కూడా తెరిచింది. విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయో, వారంటీ షరతులేమిటో కంపెనీలు అక్కడ పెట్టాలన్నది ఉద్దేశం. మంచిదే. కంపెనీ సర్వీస్ సెంటర్ సతాయిస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు, అదీ మంచిదే. అయితే మనకు రోజూ పనిపడేది ఢిల్లీ పోర్టల్‌తో కాదు, ఊళ్లోని కౌంటర్‌తో.

కాబట్టి షాపుల అన్నదమ్ములకు ఒక విన్నపం. చూసినందుకు వేరుగా ఫీజు తీసుకోండి, ఇస్తాం. ఏ భాగం పోయిందో, ఏ పరీక్షలో తేలిందో రసీదు మీద రెండు ముక్కలు రాసివ్వండి. మార్చిన పాత భాగం మా చేతికివ్వండి. డేటా తీయకముందు ఫార్మాట్ కొట్టకండి. బాగు చేయించాలో కొత్తది కొనాలో అప్పుడు మేమే తేల్చుకుంటాం.