ఆ హుక్కు ఎక్కడ తగిలించాలి?

తెలంగాణ కర్మాగారాల శాఖ డైరెక్టర్ గారికి,

జీడిమెట్ల చుట్టుపక్కల ఫౌండ్రీల్లో మెయింటెనెన్స్ ఫిట్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ని. మీ శాఖవాళ్లు తనిఖీకి వచ్చినప్పుడల్లా ఫర్నేసు ప్లాట్‌ఫాం చూపించే పని నాకే పడేది. మెట్లెక్కి వచ్చి, షెడ్డు నేల వైపున్న రెయిలింగు పట్టుకుని ఊపి చూసేవారు. గట్టిగానే ఉండేది. కిందికి పది అడుగులు కదా, ఉండాల్సిందే. వెనక్కి తిరిగితే ప్లాట్‌ఫాంకు సమానంగా నోరు తెరుచుకుని ఫర్నేసు. అటువైపు ఏమీ లేదు. కాంక్రీటు నేల మీద పడకుండా కంచె ఉంది గానీ, కరిగిన ఇనుములో పడకుండా లేదు. చూసినవాళ్లకూ చూపించిన నాకూ అది తప్పుగా తోచలేదు.

‘ఎత్తులో పని’ అనగానే మనం టేపు తీస్తాం. ఆరడుగులు దాటితే బెల్టు, దాటకపోతే అక్కర్లేదు. ఫర్నేసు దగ్గర ఎంత ఎత్తు నుంచి పడ్డాడన్నది ఎవరికి కావాలి? ఎందులో పడ్డాడన్నదే లెక్క. దేవుడి దయవల్ల మన పాత చట్టం రాసినవాళ్లకు ఈ సంగతి తెలుసు. 1948 ఫ్యాక్టరీల చట్టంలోని 33వ సెక్షను తొట్టెలు, గుంతల గురించి చెబుతూ లోతునొక్కదాన్నే పట్టుకోలేదు. ఉన్న చోటు వల్లగానీ, కట్టుబడి వల్లగానీ, లోపల ఉన్న పదార్థం వల్లగానీ ప్రమాదం ఉంటే దానికి మూతో కంచో గట్టిగా ఉండాలంది. ‘లోపల ఉన్న పదార్థం’ అన్న ఆ మాట కోసమే ఈ ఉత్తరం.

అమెరికాలో ఈ నియమం ఇంకా విడమరిచి ఉంది. ప్రమాదకరమైన పరికరానికి పైన నాలుగడుగుల లోపు ఎత్తున పనిచేసినా రక్షణ ఉండాల్సిందే. అయినా 2022 జూన్‌లో ఇల్లినాయ్ రాష్ట్రం మేపుల్టన్‌లోని క్యాటర్‌పిల్లర్ ఫౌండ్రీలో 39 ఏళ్ల కార్మికుడు శాంపిల్ తీస్తూ కరిగిన ఇనుములో పడిపోయాడు. పనిలో చేరి తొమ్మిదో రోజు. 2,000 డిగ్రీల ఫారన్‌హీట్ దాటిన లోహం. రెయిలింగో పడకుండా ఆపే తాడో ఉంటే బతికేవాడేమోనని అక్కడి కార్మిక భద్రతా సంస్థ ఓషా తేల్చింది, 1,45,027 డాలర్ల జరిమానా ప్రతిపాదించింది. అంతకు కొన్ని నెలల ముందే అదే ఫౌండ్రీలో కాంట్రాక్టు ఎలక్ట్రీషియన్ ఒకాయన ఎత్తు నుంచి పడి చనిపోయాడు. పుస్తకంలో నియమం ఉన్న దేశం కథ ఇది.

ఇక మన కథ. ఇండక్షన్ ఫర్నేసున్న చాలా ఫౌండ్రీల్లో పవర్ ప్యానెలు ఒకటి, ఫర్నేసులు రెండు. ఒకదాంట్లో ఇనుము కరుగుతుంటే రెండోదానికి లైనింగు, అంటే లోపలి పొర, మార్చే పని. ప్యానెలు ఖాళీగా ఉండకూడదు. యజమానికి అది పొదుపు; లైనింగు కుర్రాడికి వీపు వెనకాల 1,400 డిగ్రీల సెల్సియస్. పాత లైనింగు కొట్టెయ్యాలంటే ఫర్నేసును వంచాలి, కొత్తదానికి ఫార్మర్ అనే అచ్చును క్రేనుతో దించాలి. ఫర్నేసు పక్కన రెయిలింగు ఉన్నచోట అది అడ్డం. నట్లు విప్పేసి గోడకు ఆనిస్తాం. నేనే ఎన్నిసార్లు విప్పానో. మళ్లీ బిగించేది ఎప్పుడంటే, ముందు హీటు, అంటే కరుగుతున్న విడత, దిగనీ అంటారు. హీటు తర్వాత ఇంకో హీటు. రేపు అన్న రోజు ఫౌండ్రీ క్యాలెండరులో ఉండదు.

ఒక రోజు, ఏ ఫౌండ్రీయో చెప్పను, లైనింగు హెల్పరొకడు ర్యామింగ్ మాస్, అంటే లైనింగుకు కూరే పొడి, బస్తా మోసుకొస్తున్నాడు. ఆ పొడి చెకర్డ్ ప్లేటు మీద చల్లుకుంటే కాలు గోలీల మీద వేసినట్టే. జారాడు. బస్తా అటు, మనిషి ఇటు. నేను పట్టుకున్నది అతని బెల్టునే. ఒక చెప్పు పక్క ఫర్నేసులో పడింది. చిన్న మంట లేచి ఆరిపోయింది. లేచాక ఆ కుర్రాడు అడిగిన మొదటి మాట, “చెప్పు డబ్బులు కట్ చేస్తారా అన్నా?”

అవును, బెల్టు కట్టుకునే ఉన్నాడు. హుక్కు మాత్రం తన నడుముకే తగిలించుకున్నాడు. పైన క్రేను తిరుగుతుంది కాబట్టి లైఫ్‌లైను కట్టలేదు. చుట్టూ తగిలించడానికి కొక్కెమే లేదు. ఒకవేళ ఉన్నా ఆ బెల్టు ఏం కాపాడేది? పడ్డాక ఆపే బెల్టది. తాడు రెండు మీటర్లు, షాక్ అబ్సార్బరు సాగితే ఇంకో మీటరు పైనే. ఈలోగా మనిషి లోపలుంటాడు. పైగా అది నైలాను, పాలియెస్టరు పట్టీ. సుమారు 260 డిగ్రీల సెల్సియస్‌కే కరిగిపోతుంది. ఫర్నేసు దగ్గర కావలసింది పడ్డాక ఆపేది కాదు, అంచుదాకా పోనివ్వనిది. వెనక గోడ వైపు గట్టి స్తంభానికి కట్టిన పొట్టి తాడు, అంచుకు అడుగున్నర ముందే బిగుసుకునేలా కొలిచింది. పట్టీ వేడిని తట్టుకునే అరామిడ్‌ది, తాడు వైరుది. తనిఖీ ఫారంలో ‘బెల్టు ఉంది’ అన్న గడిలో టిక్కు పెడితే ఈ తేడా తెలియదు.

2025 నవంబరు 21 నుంచి కొత్త వృత్తి భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది. ఉల్లంఘన వల్ల మనిషి చనిపోతే జరిమానా 5 లక్షలకు తగ్గకూడదంది. పాత ఫ్యాక్టరీల చట్టంలో ఆ అంకె 25 వేలు. సంతోషమే. కానీ కరెంటు వాడే చోట ఫ్యాక్టరీ అనిపించుకోవడానికి 10 మంది చాలేది ఇప్పుడు 20 అయింది. చిన్న ఫౌండ్రీలో హాజరు పుస్తకం తెరిస్తే 19 పేర్లుంటాయి. లైనింగుకు వచ్చిన ముఠా ఆ పుస్తకంలో ఉంటుందో లేదో మీకే బాగా తెలుసు.

కొత్త కోడ్ కింద రాష్ట్ర నియమాల విషయంలో మీ మాట చెల్లుతుంది. 33వ సెక్షనులోని ‘లోపల ఉన్న పదార్థం’ అన్న మాట ఆ నియమాల్లో జారిపోకుండా చూడండి. తెరిచి ఉన్న కరిగిన లోహం పక్కన ఎత్తుతో నిమిత్తం లేదని తెలుగులోనే రాయించండి. పక్క ఫర్నేసుకు స్టీలు మూత వేయకుండా లైనింగు పర్మిట్ ఇవ్వకూడదని, విప్పిన రెయిలింగు బిగించేదాకా ప్యానెలు ఆన్ కాకుండా ఇంటర్‌లాక్ ఉండాలని పెట్టండి. స్క్రాపు వేయడానికి నోరు తెరవాలి కదా అంటారు యజమానులు. నిజమే, ఆ ఒక్క వైపు దానంతటదే మూసుకునే గేటు చాలు. మిగతా మూడు వైపులకు ఏ సాకూ లేదు.

మీ ఇన్‌స్పెక్టర్లను లైనింగు రోజున, ముందు ఫోను చేయకుండా పంపండి. మేనేజరు గదిలో టీ తర్వాత తాగొచ్చు. ప్లాట్‌ఫాం ఎక్కి, బస్తా మోస్తున్న కుర్రాణ్ని ఆపి, “బాబూ, ఈ హుక్కు ఎక్కడ తగిలిస్తావు?” అని అడగమనండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ మెయింటెనెన్స్ ఫిట్టర్